అరుంధతి భట్టాచార్య: అప్పుడు రాజీనామా చేద్దామనుకున్నారు.. తర్వాత ఎస్‌బీఐకే ఛైర్‌పర్సన్ అయ్యారు!

దేశంలోనే అతిపెద్ద బ్యాంక్ ఎస్‌బీఐ. దీని మూలాలు 1806లో మొదలైన బ్యాంక్ ఆఫ్ కలకత్తాలో ఉన్నాయి. అన్నేళ్ల చరిత్రలో అత్యున్నత కుర్చీలో ఒక మహిళ కూర్చోవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమే అరుంధతి భట్టాచార్య. అయితే ఆ కుర్చీ దాకా రాకముందే ఆమె ఉద్యోగం వదిలేయాలనుకున్నారని మీకు తెలుసా? అసలు ఆ పరిస్థితి ఎందుకు వచ్చింది? ఆ తర్వాత ఏం జరిగింది?

ఇంగ్లిష్ సాహిత్యం నుంచి బ్యాంకులోకి..

అరుంధతి 1956లో కోల్‌కతాలో పుట్టారు. తండ్రిది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. దీంతో బాల్యమంతా భిలాయ్, బొకారో టౌన్‌షిప్‌లలో గడిచింది. కోల్‌కతాలోని లేడీ బ్రాబోర్న్ కాలేజీ, జాదవ్‌పూర్ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదివారు. కామర్స్ కాదు, ఎకనామిక్స్ కాదు. బ్యాంకు ఉద్యోగమే లక్ష్యంగా పెట్టుకుని చదివిన చదువు కానే కాదు. తోటి విద్యార్థులు రాస్తున్నారని తానూ పరీక్ష రాశారు. 1977లో ఎస్‌బీఐలో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరారు.

అక్కడి నుంచి విదేశీ మారకద్రవ్యం, ట్రెజరీ, రిటైల్, మానవ వనరులు.. ఇలా దాదాపు అన్ని విభాగాల్లోనూ పనిచేశారు. కొన్నేళ్లు న్యూయార్క్ ఆఫీసులో ఉన్నారు. ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్‌కు సారథ్యం వహించారు. ఎస్‌బీఐ జనరల్ ఇన్సూరెన్స్ వంటి కొత్త సంస్థల ఏర్పాటులోనూ పాలుపంచుకున్నారు.

లక్నోలో ఆగిపోబోయిన కెరీర్

ప్రభుత్వ రంగ బ్యాంకులో ప్రమోషన్ అంటే బదిలీ కూడా. అరుంధతికి లక్నో ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆమె భర్త ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ప్రొఫెసర్. ఆయన అక్కడ, ఈమె ఇక్కడ. పైగా లక్నోలో కూతురికి స్కూల్‌లో సీటు దొరకలేదు. ఇక ఇంటినీ ఉద్యోగాన్నీ నెట్టుకురావడం తన వల్ల కాదనుకున్నారు. రాజీనామాకు సిద్ధపడ్డారు. ఈ విషయాన్ని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పారు.

అయితే ఓ సీనియర్ అధికారి ఆమెను వారించారు. తొందరపడొద్దు, ఇన్నేళ్ల కష్టాన్ని వదిలేయొద్దని నచ్చజెప్పారు. ఆమె ఆగారు. ఆ ఒక్క మాట పడకపోయి ఉంటే ఎస్‌బీఐకి తొలి మహిళా ఛైర్‌పర్సన్‌గా మనకు తెలిసిన పేరు వేరేగా ఉండేదేమో!

కుర్చీ ఎక్కాక..

2013 అక్టోబర్ 7న అరుంధతి ఛైర్‌పర్సన్‌గా బాధ్యతలు తీసుకున్నారు. ఆ తర్వాత తీసుకొచ్చిన మార్పుల్లో మహిళా ఉద్యోగులకు రెండేళ్ల సెలవు సౌకర్యం ఒకటి. పిల్లలు పుట్టినప్పుడు, వాళ్ల బోర్డు పరీక్షలప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లకు ఆరోగ్యం బాగోలేనప్పుడు.. ఆడవాళ్లు ఉద్యోగం మానేసేది ఎక్కువగా ఇలాంటి సమయాల్లోనే అని ఆమె చెప్పేవారు. ఆ గండం గట్టెక్కే దాకా ఊపిరి పీల్చుకునే వీలిస్తే, రాజీనామా అక్కర్లేకుండానే మళ్లీ డ్యూటీకి వస్తారన్నది ఆలోచన. వీలైనంత వరకు భర్త లేదా తల్లిదండ్రులు ఉన్న ఊళ్లోనే పోస్టింగ్ ఇవ్వాలని చూశారు. మహిళా సిబ్బందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఉచితంగా ఇప్పించారు.

తనకు సీనియర్ చెప్పిన మాట అదృష్టం కొద్దీ దొరికింది. మిగతావాళ్లు అదృష్టం మీద ఆధారపడకుండా దాన్ని రూల్‌గా మార్చారన్నమాట.

మొండి బాకీలు, నోట్ల రద్దు

పదవి పూలపాన్పు ఏమీ కాదు. 2015లో బ్యాంకుల పద్దులను రిజర్వ్ బ్యాంక్ క్షుణ్ణంగా పరిశీలించింది. దాచిపెట్టిన మొండి బాకీలన్నీ బయటపడ్డాయి. ఎస్‌బీఐ నికర లాభం 2014-15లో రూ.13,102 కోట్లు ఉండగా, 2015-16లో రూ.9,951 కోట్లకు పడిపోయింది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్‌కు అప్పులిచ్చిన బ్యాంకుల బృందానికి ఎస్‌బీఐదే నాయకత్వం. 2016 మార్చిలో విజయ్ మాల్యా దేశం విడిచి వెళ్లడంతో ప్రశ్నలన్నీ బ్యాంకుల వైపే తిరిగాయి.

అదే ఏడాది అక్టోబర్‌లో ఆమె పదవీకాలాన్ని కేంద్రం మరో ఏడాది పొడిగించింది. నెల తిరిగేసరికి నవంబర్ 8న పెద్ద నోట్ల రద్దు! బ్యాంకుల ముందు కిలోమీటర్ల క్యూలు, ఖాళీ ఏటీఎంలు.. దేశమంతా చూసింది. ఆ భారంలో పెద్ద వాటా ఎస్‌బీఐ సిబ్బందిదే.

మన ఎస్‌బీహెచ్ కలిసిపోయింది అప్పుడే

తెలుగువాళ్లకు బాగా గుర్తుండే నిర్ణయం మాత్రం విలీనం. 1941లో నిజాం కాలంలో పుట్టి, గన్‌ఫౌండ్రి కేంద్రంగా నడిచిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌తో పాటు బికనీర్ అండ్ జైపూర్, మైసూర్, పాటియాలా, ట్రావెన్‌కోర్ బ్యాంకులు, భారతీయ మహిళా బ్యాంక్ కూడా 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయాయి. ఉద్యోగ సంఘాలు వ్యతిరేకించినా విలీనం ఆగలేదు. దీంతో ఆస్తుల పరంగా ఎస్‌బీఐ ప్రపంచంలోని టాప్ 50 బ్యాంకుల్లో చేరింది. మన దగ్గర మాత్రం తరాలుగా పాస్‌బుక్ మీద చూసిన పేరు మాయమైంది.

విమర్శలూ తక్కువేం కాదు

రుణమాఫీల వల్ల అప్పు తీర్చే క్రమశిక్షణ దెబ్బతింటుందని 2017 మార్చిలో అరుంధతి అన్నారు. పెద్ద కంపెనీల బాకీల సంగతేంటని రాజకీయ పార్టీలు మండిపడ్డాయి. ఆ ఏప్రిల్ నుంచే మినిమమ్ బ్యాలెన్స్ లేకపోతే జరిమానా వసూలు చేయడం సామాన్యులకు కోపం తెప్పించింది. తర్వాత ఆ నిబంధనను సడలించారు, 2020లో పూర్తిగా ఎత్తేశారు.

రిటైర్మెంట్ తర్వాత..

40 ఏళ్ల సర్వీసు తర్వాత 2017 అక్టోబర్‌లో ఆమె రిటైర్ అయ్యారు. ఆమె హయాంలో పని మొదలైన యోనో యాప్ ఆ మరుసటి నెలలోనే జనంలోకి వచ్చింది. 2020లో సేల్స్‌ఫోర్స్ ఇండియా ఛైర్‌పర్సన్, సీఈఓగా కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టారు. 2022లో ఆత్మకథ వచ్చింది. 2025లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది.

ఎస్‌బీఐలోనే ఆఫీసర్‌గా మొదలై, 2018లో ఇండియన్ బ్యాంక్ పగ్గాలు అందుకున్న తెలుగు మహిళ పద్మజ చుండూరు కూడా ఉన్నారు. అయినా ఇప్పటికీ ప్రభుత్వ బ్యాంకుల టాప్ కుర్చీల్లో మహిళల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉద్యోగంలో చేరేవాళ్లు తక్కువై కాదు, మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎక్కువై. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఓ చేతిలో, పిల్లల స్కూల్ అప్లికేషన్ మరో చేతిలో పట్టుకుని ఇవాళ కూడా ఎవరో ఒకరు రాజీనామా గురించి ఆలోచిస్తూనే ఉంటారు. అలాంటివారికి అరుంధతి కథ చెప్పేది ఒక్కటే.. ఆ రోజు నిర్ణయం తీసుకోకండి, కాస్త ఆగండి!