చిల్లర నాణెం చెప్పే చిరునామా

కృష్ణానగర్‌లో చదువుకున్న మనకు రాజులు కొత్త కాదు. కిరీటాలు, కత్తులు ఆటోల్లో షూటింగులకు వెళ్ళడం చూస్తూ పెరిగాం. 2017లో వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ సినిమాలో మన రాజు గ్రీకు రాజు డెమిట్రియస్‌తో తలపడతాడు. చరిత్రలో బాక్ట్రియా డెమిట్రియస్ అంతకు సుమారు మూడు శతాబ్దాల ముందువాడు. కథకు ఆ స్వేచ్ఛ ఉంది. అయితే గ్రీకులకూ శాతవాహనులకూ ఒక బంధం మాత్రం నిజంగానే ఉంది. అది నాణేల మీద కనిపిస్తుంది.

అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రాజ్యాల కంచు నాణేన్ని గుర్తించేవారు ముందు లోహం, బరువు, కొలత చూస్తారు. తర్వాత బొమ్మ, ఆపైన అక్షరాలు. అరిగిపోయిన నాణెం మీద ‘బసిలేయోస్’ అన్న మాటలో నాలుగక్షరాలు మిగిలినా చాలు, అది రాజు పేర వేసినదని తెలుస్తుంది. ఆ మాటకు ‘రాజు యొక్క’ అని అర్థం. పక్కనున్న పేరు కూడా షష్ఠీ విభక్తిలోనే ఉంటుంది. మన నాణేల మీదా అదే పద్ధతి. ‘రఞో సిరి సాతకణిస’ అంటే ‘రాజైన శ్రీ శాతకర్ణి యొక్క’ అని.

రాజు ముఖాన్ని వెండి నాణెం మీద వేసే అలవాటు ఇండో గ్రీకుల నుంచి పశ్చిమ క్షత్రపులకు వచ్చింది. క్షత్రపుడు నహపాణుడి నాణేల మీద గ్రీకు లిపి కూడా ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో 13 వేలకు పైగా అతని నాణేలు దొరికాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు. అతని కొడుకు పులుమావి కాలానికి మన రాజుల ముఖాలూ వెండి మీదకెక్కాయి. ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ఒక ద్రావిడ భాష. అది తమిళమన్న పండితులున్నారు, తెలుగుకు దగ్గరిదన్నవారూ ఉన్నారు.

వెండి, బంగారం వ్యాపారితో దేశాలు తిరుగుతాయి. కంచు, రాగి, సీసం చిల్లర డబ్బు. ఎక్కువగా పుట్టిన ప్రాంతంలోనే చెల్లుతుంది. అందుకే చిల్లర నాణెం దొరికిన చోటే దాని చిరునామా. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో స్థానికులు ఏరిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు పరిశీలించి, శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి పేరు చదివారు. గోబద, సమగోప వంటి పాత రాజుల పేర్లూ అక్కడే బయటపడ్డాయి. శాతవాహనుల తొలి అడుగులు గోదావరి ఒడ్డున తెలంగాణలో పడ్డాయన్న వాదనకు బలం ఆ చిల్లర నాణేలే. అవే నాణేలు ఎవరి పెట్టెలోనో ఊరి పేరు లేకుండా ఉండి ఉంటే, ఆ మాట అనడానికి ఆధారమే ఉండేది కాదు.

మన పూర్వ విద్యార్థుల్లో నాలాంటి ఇంజనీర్లు, బిల్డర్లు చాలామందే ఉన్నారు. పునాదిలో పాత నాణెం కనబడితే చింతపండుతో తోమకండి. ఉన్న స్థితిలోనే ఫొటో తీసి, ఎంత లోతులో, ఏ మట్టిలో దొరికిందో రాసుకోండి. జిల్లా కలెక్టరుకు తెలియజేయడం 1878 నాటి నిధి చట్టం ప్రకారం మన బాధ్యత కూడా.

పిల్లలకు ఇవన్నీ చూపాలంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి, లేదా కొండాపూర్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. ఐటీ కొండాపూర్ కాదు సుమా, సంగారెడ్డి జిల్లాలోది!