కడుపునొప్పి ఎక్కడ మొదలైంది?

మనం కడుపు అన్నదాన్ని వైద్యులు 9 భాగాలుగా చూస్తారు. కాలేయం కుడి పక్కటెముకల కింద, జీర్ణాశయం ఎక్కువగా ఎడమవైపు పైన ఉంటాయి. పెద్దలు ‘24 గంటల నొప్పి’ అనే అపెండిక్స్ వాపు చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడి పొత్తికడుపుకు దిగుతుంది. న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ 1889లో ఆ చోటు గుర్తు చెప్పారు: కుడి తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, మొన నుంచి మూడో వంతు దూరంలో. అయితే అపెండిక్స్ కొస అందరిలో ఒకేవైపు ఉండదు. అక్కడ నొప్పి లేదని ఊరుకోకూడదు.

ఎన్నూరు నుంచి స్టాన్లీ ఆస్పత్రికి వెళ్లే మనవాళ్లకు మేము చెప్పేది, వట్టి ‘వయిత్తువలి’ అని సరిపెట్టకండి. ఎక్కడ మొదలైందో, ఎటు జరిగిందో వేలు పెట్టి చూపండి. ముందుగా ఆముదం మాత్రం తాగించకండి. వాచిన అపెండిక్స్ పగిలే ప్రమాదం ఉంది.