నిఘా కెమెరా కన్ను: కటకముల ఎన్నిక చరిత్ర

దుకాణముల గడపల మీదను, బ్యాంకులలోను, నాలుగు వీథుల కూడలిలోను, నేడు మన ఇండ్ల వాకిళ్ళలోను నిఘా కెమెరా సామాన్య వస్తువైనది. కొనువారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు: ఖరీదెంత? బొమ్మ ఎంత స్పష్టముగా వచ్చును? కెమెరాకు ముందున్న కటకము, అనగా లెన్సు, ఎట్టిదని అడుగువారు అరుదు. దొంగతనము జరిగిన మరునాడు తెరమీద మనిషి కనబడియు, ఆతని ముఖము ఆనవాలు పట్టుటకు వీలుకానప్పుడు ఈ మూడవ ప్రశ్న విలువ తెలియును. అప్పటికి చేయగలిగినది స్వల్పము. ఈ ప్రశ్న ఎట్లు పుట్టినదో, దానికి సమాధానములు ఎట్లు ఏర్పడినవో ఈ ప్రసంగములో మనవి చేయుదుము.

ఒకచోటి దృశ్యమును తీగద్వారా మరియొకచోట మాత్రమే చూపు టెలివిజన్ పద్ధతి రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో అక్కరకు వచ్చినది. బాల్టిక్ సముద్రతీరమున పీనెముండె అనుచోట ఏ-4 రాకెట్లను పరీక్షించుచుండిరి. తరువాత వీ-2 అను పేరుతో లండన్, ఆంట్వెర్ప్ నగరములపై పడినవి ఇవియే. ప్రయోగవేదిక చెంత నిలిచి చూచుట ప్రాణాపాయకరము. అందుచేత వాల్టర్ బ్రూఖ్ అను ఇంజనీరు రూపొందించిన కెమెరాలను 1942లో అచట నిలిపి, రాకెట్టు లేచుటను దూరమునుండి చూచిరి. ఈ బ్రూఖే తరువాత పాల్ అను వర్ణ టెలివిజన్ పద్ధతిని నిర్మించెను. 1982లో మన దేశమున రంగుల టెలివిజన్ ఆ పద్ధతిలోనే ఆరంభమైనది.

పీనెముండెలో చూడవలసిన వస్తువు ఏదో, అది ఎచట నిలుచునో ముందే తెలియును. వీథిలో అట్లు కాదు. ఎవరు వత్తురో, ఏ వైపునుండి వత్తురో తెలియదు. టెలివిజన్ కెమెరా వీథికిని, కర్మాగారమునకును దిగివచ్చినప్పుడే కటకముల సమస్య నిజముగా ఆరంభమైనది.

ఆ రాకకు దారి తీసినది విడికాన్ అను చిన్న గొట్టము. అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థ దీనిని 1950లో వెలువరించినది. కెమెరా పరిమాణమును ఖర్చును తగ్గినవి. ఈ చిన్న కెమెరాలకు కటకములను క్రొత్తగా సృష్టింపవలసిన పని లేకపోయెను. 16 మిల్లీమీటర్ల సినిమా కెమెరాల కొరకు అంతకు పూర్వమే చేసిన కటకములు సిద్ధముగా ఉన్నవి. ఒక అంగుళము వ్యాసముగల మరతో బిగించు ఆ అమరికకు సి-మౌంటు అని పేరు. అందులో కటకపు ఆనికకును, బొమ్మ పడు తలమునకును నడుమ దూరము 17.526 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన సి.ఎస్.-మౌంటులో ఈ దూరము సరిగా 5 మిల్లీమీటర్లు తక్కువ. సి కటకమును సి.ఎస్. కెమెరాకు బిగింపవలెనన్న నడుమ 5 మిల్లీమీటర్ల ఉంగరము వేయవలెను. లేనిచో బొమ్మ అలుకుకొనిపోవును.

విడికాన్ మనకు మరియొక వారసత్వమును, దానితోపాటు ఒక చిక్కును మిగిల్చినది. ఒక అంగుళపు గొట్టమనగా గాజు బయటి వ్యాసము ఒక అంగుళమని అర్థము. లోపల బొమ్మ పడు చోటు 12.8 మిల్లీమీటర్ల వెడల్పు, 9.6 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే. 1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు సి.సి.డి. పరికరమును కనుగొన్న పిమ్మట కాలక్రమమున గొట్టములు పోయినవి. వాని కొలతల పేర్లు మాత్రము పోలేదు. అంగుళములో మూడవ వంతు అని పిలువబడు చిత్రగ్రాహకపు వెడల్పు వాస్తవముగా 4.8 మిల్లీమీటర్లే. కనుక పెట్టెపై వ్రాసిన అంగుళములను బట్టి లెక్క వేయువాడు తప్పక పొరబడును.

ఇక అసలు లెక్క చూతము. కటకమునకు ఉండు ముఖ్యమైన కొలత నాభ్యంతరము. అది చిన్నదైన కొలది చూపు విశాలమగును. పెద్దదైన కొలది చూపు ఇరుకై, దూరపు వస్తువు దగ్గరగా తోచును. చిత్రగ్రాహకపు వెడల్పును దూరముతో గుణించి నాభ్యంతరముతో భాగించినచో, ఆ దూరమున ఎంత వెడల్పు కనబడునో తెలియును. 10 మీటర్ల దూరమున, 25 మిల్లీమీటర్ల కటకము పాత విడికాన్‌కు 5 మీటర్లకు పైగా చూపెడిది. అదే కటకము 4.8 మిల్లీమీటర్ల చిత్రగ్రాహకమునకు 2 మీటర్లు కూడ చూపదు. కటకము మారలేదు, వెనుకనున్న పలక మారినది. కావున ఈ రెంటిని జంటగానే ఎన్నుకొనవలెను.

రేడియోలో పనిచేయు మాకు ఈ న్యాయము మైక్రోఫోనుల వలన పరిచితమే. అన్ని వైపుల ధ్వనిని గ్రహించు మైక్రోఫోను సభ అంతటి సందడిని అందించును. ఒక వక్త మాట విడిగా వినబడవలెనన్న ఒక దిక్కుకే చెవియొగ్గు మైక్రోఫోను కావలెను. ఒక్క సాధనమే రెండు పనులను సమానముగా చేయజాలదు.

ఈ సంగతిని చక్కగా గ్రహించినవారిలో న్యూయార్క్ నగరపు నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ ఒకరు. గృహరక్షణ కొరకు ఆమెయు, భర్త ఆల్బర్ట్ బ్రౌనును 1966లో పేటెంటు కోరగా 1969లో లభించినది. వారు తలుపునకు వేరువేరు ఎత్తులలో నాలుగు రంధ్రములు పెట్టి, కెమెరాను వానివెంట పైకి క్రిందికి జరుపు ఏర్పాటు చేసిరి. పొడుగరి వచ్చినను, పసివాడు వచ్చినను ముఖమునకు ఎదురుగా కెమెరా నిలువగలదు. అన్నిటిని ఒక్కమారు చూపు కన్నుకంటె, కావలసిన ముఖమును చూపు కన్ను మేలని ఆ యిల్లాలు ఎంచినది.

కన్నును జరుపుటకు బదులు కటకమునే మార్చు ఉపాయము సినిమా, టెలివిజన్ రంగములనుండి వచ్చినది. ఫ్రాన్సు దేశీయుడు పియర్ ఆంజెన్యూ 1956లో 17 మొదలు 68 మిల్లీమీటర్ల వరకు నాభ్యంతరము మారు జూమ్ కటకమును తెచ్చెను. జూమ్ గొప్ప సౌకర్యమే. కాని దానిని త్రిప్పుటకు సరియైన క్షణమున ఒక మనిషి మేలుకొని ఉండవలెను. ద్వారమువైపు దగ్గరగా చూచుచున్నంత సేపు ప్రహరీగోడ కనబడదు.

ఎంత దగ్గరగా చూచిన చాలునను ప్రశ్నకు కొలతలు పిమ్మట ఏర్పడినవి. బ్రిటిష్ హోమ్ శాఖ శాస్త్రజ్ఞులు రోటాకిన్ అను 1.6 మీటర్ల ఎత్తు బొమ్మను కెమెరా ముందు నిలిపి, అది తెర ఎత్తులో ఎన్నవ వంతు నిండునో కొలిచిరి. 2014లో వెలువడిన ఐ.ఇ.సి. అంతర్జాతీయ ప్రమాణము చిత్రబిందువులలో లెక్క చెప్పినది: మనిషి ఉన్నాడని కనిపెట్టుటకు మీటరుకు 25, తెలిసినవానిని గుర్తించుటకు 125, తెలియనివానిని నిస్సందేహముగా ఆనవాలు పట్టుటకు 250 బిందువులు.

ఒక వాకిలికి ఈ లెక్క వేయుదము. అడ్డముగా 1920 బిందువులు, 4.8 మిల్లీమీటర్ల వెడల్పుగల చిత్రగ్రాహకము. గేటు దూరము 10 మీటర్లు. 2.8 మిల్లీమీటర్ల కటకము 17 మీటర్ల వెడల్పు చూపును. మీటరుకు 112 బిందువులే దక్కును. 4 మిల్లీమీటర్లది 12 మీటర్లు చూపి 160 ఇచ్చును. ఎరిగినవాని వరకు చాలును. 12 మిల్లీమీటర్లది 4 మీటర్లే చూపును, కాని 480 బిందువులతో అపరిచితుని ముఖమును కూడ పట్టి ఇచ్చును. విశాలమైన బొమ్మను తరువాత ఎంత పెంచి చూచినను, మొదట పడని వివరము పుట్టదు. అస్పష్టమైన బొమ్మవలన దోషి తప్పించుకొనుట ఒక నష్టము. పోలికను బట్టి నిరపరాధి చిక్కుకొనుట అంతకంటె ఘోరమైన నష్టము.

మన ప్రాంతమున ఈ విషయము చట్టము వరకు వచ్చినది. జనము గుమిగూడు సంస్థలు కెమెరాలు అమర్చవలెనని 2013లో అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ప్రజాభద్రతా చట్టము చేసినది. మరియొక వైపు, వ్యక్తి ఏకాంతము ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. ఈ రెంటికి నడుమ కటకమునకును పాత్ర కలదు. మితిమీరి విశాలమైన కటకము మన గేటును చిన్నదిగా చూపి, పొరుగువారి కిటికీని బొమ్మలోనికి లాగును. దానివలన మనకు రక్షణ పెరగదు, వారికి మర్యాద మిగలదు.

కావున కెమెరా కొనుటకు పూర్వము గృహస్థులు ఒక టేపుతో వాకిలికి వెళ్ళి, కెమెరా పెట్టు చోటునుండి గేటు ఎంత దూరమో, అచట ఎంత వెడల్పు చూడవలెనో కొలిచి వ్రాసికొనవలెనని మా మనవి. మనిషి ఉనికి తెలిసిన చాలునా, ముఖము తెలియవలెనా అనునది కూడ ఆ కాగితముపైననే వ్రాయవలెను. రెండును కావలెనన్న రెండు కెమెరాలు పెట్టుట ఉత్తమము. ఆ కాగితమును ముందుంచుకొని అడిగినచో, దుకాణదారు కూడ కటకము సంగతి చెప్పక తప్పదు.