వితండవాదికి వైద్యం

వితండవాదం అన్న మాట వినపడని ఇల్లు మనలో వుండదు. తొమ్మిదింటిదాకా పడుకున్న కొడుకుని తండ్రి లేపబోతే, "సూర్యుడు మాత్రం ఏడాది పొడుగునా ఒకే వేళకి లేస్తున్నాడా నాన్నా?" అంటాడు వాడు. "వితండవాదం చెయ్యకు, లే!" అంటాడాయన.

ఈ మాటని మనం ఇంత చవగ్గా వాడేస్తాం గాని, అది పుట్టింది చాలా పెద్దింట్లో. గౌతముడి న్యాయసూత్రాలు చెప్పే 16 పదార్థాల్లో వాదం, జల్పం, వితండ అని మూడూ వరసగా వస్తాయి. నిజం తేల్చుకుందామని మాట్లాడుకుంటే అది వాదం. ఎలాగైనా నెగ్గాలని మాట్లాడితే జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా, ఎదటివాడు కట్టిన గోడ కూలదొయ్యడమే పనిగా పెట్టుకుంటే వితండ.

పండితుల గొడవ మనకెందుకులే అనుకుందామా అంటే, ఇదే గొడవ వైద్యగ్రంథంలోనూ వుంది. చరకసంహిత విమానస్థానం 8వ అధ్యాయం తిరగేసి చూడండి. మూలికలూ కషాయాలూ పక్కన పెట్టి, ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో విస్తారంగా చెప్పారక్కడ. వాదానికి సంబంధించిన 44 మాటల్ని వివరించారు. జ్వరానికీ తర్కానికీ ఏమిటి సంబంధం అంటారేమో! ఇద్దరు పండితులు పోట్లాడుకుంటే ఎవరో ఒకరు ఓడిపోతారు, అంతటితో సరి. ఇద్దరు వైద్యులు పోట్లాడుకుంటే మాత్రం, మధ్యలో మంచంమీద మూడోవాడొకడున్నాడు.

అందులోనూ జబ్బు మనసుదైతే? మానసిక రోగానికి జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి - ఇవీ మందులని అదే గ్రంథం సూత్రస్థానంలో వుంది. వీటిల్లో ఒక్కటీ అంగట్లో దొరికేది కాదు. ఒకరు చెబితే ధైర్యం వస్తుంది. ఒకరు గుర్తు చేస్తే మరిచిపోయిన మంచిరోజులు మనసులో మెదులుతాయి. అంటే అక్కడ మాటే మందన్నమాట. అటువంటి చోట పెడసరంగా మాట్లాడేవాడు మందులో మన్ను కలిపినట్టే.

మా బంధువులావిడ ఒకామె, మనసు బాధలు చెప్పుకునేందుకు వారానికోసారి కలుసుకునే ఒక చిన్న గోష్ఠికి వెళ్ళేది. ఒకనాడు ధైర్యం చేసి నోరు విప్పి, మనసు బరువుగా వుంటోందని చెప్పింది. అక్కడొకాయన, "మనసుకి బరువెక్కడిదమ్మా, తూకం వేయించావా?" అన్నాడట. నలుగురూ నవ్వారు. ఆయన తను డాక్టర్నని చెప్పుకునేవాడు. దేంట్లో డాక్టరో ఎవరూ అడగలేదు. మరుసటి వారంనుంచి ఆవిడ వెళ్ళడం మానేసింది. ఆయన మాత్రం వెడుతూనే వున్నాడు.

ఆయన వేసిన ఎత్తు కొత్తదేం కాదు. ఎదటివాడు అనుకోని అర్థాన్ని అతని మాటకి అంటగట్టడాన్ని పూర్వులు వాక్ఛలం అన్నారు. చరకసంహితలో దానికిచ్చిన ఉదాహరణ సరదాగా వుంటుంది. ఒక వైద్యుణ్ణి ఎవరో నవతంత్రుడన్నారు. శాస్త్రం కొత్తగా చదివినవాడని వారి ఉద్దేశం. నవ అంటే కొత్త అనీ అర్థమే, తొమ్మిది అనీ అర్థమే గదా! తనకి తొమ్మిది శాస్త్రాలు లేవనీ, వున్నది ఒక్కటేననీ అన్నాడా వైద్యుడు. అది కాదయ్యా, అభ్యాసం నవమంటున్నానని సర్దిచెప్పబోతే, తొమ్మిదిసార్లేమిటి, ఎన్నోసార్లు చదివానన్నాడట! రెండోది సామాన్యఛలం. మందు రోగాన్ని తగ్గిస్తుందని మీరంటారు. మందూ వున్న వస్తువే, రోగమూ వున్న వస్తువే. వున్నది వున్నదాన్ని తగ్గించేటట్టయితే, దగ్గూ వుంది, క్షయా వుంది, కనక దగ్గువల్ల క్షయ తగ్గాలి గదా అంటాడు ఛలవాది. మనకి నవ్వొస్తుంది. క్షయతో మూలుగుతున్నవాడికి రాదు.

మరి ఇటువంటివాళ్ళతో వేగడమెలా? చరకసంహిత చెప్పిన మొదటి ఉపాయం, మాట్లాడే మనిషిని ఎంచుకోవడం. కోపం, అసూయ లేనివాడు, నచ్చజెబితే వినేవాడు, ఓర్పుగలవాడు దొరికితే భయం లేకుండా అడగవచ్చు, భయం లేకుండా చెప్పవచ్చు. ఓడిపోతానేమో అన్న బెంగ అక్కర్లేదు, గెలిస్తే సంబరపడకూడదు. రెండోది, సభని చూసుకోవడం. సభ మనమీద పగబట్టి వుంటే, అందులో పండితులున్నా సరే, పామరులున్నా సరే, నోరు విప్పకుండా వుండటమే మేలట.

ఆ గ్రంథంలో ఉన్నదంతా బుద్ధిమంతుల నీతే అనుకోకండి. పామరుల సభలో తక్కువవాడు తారసపడితే, పొడుగాటి వాక్యాలు గుప్పించి గాభరాపెట్టమనీ, ఇంకో ఏడాది చదువుకు రమ్మని వెక్కిరించమనీ కూడా ఉంది! న్యాయసూత్రాలు కూడా జల్ప వితండల్ని, లేత మొలకలకి వేసే ముళ్ళకంచెతో పోల్చి సమర్థించాయి. కంచె అవసరమే, కాదనను. కాని కంప పెరిగి చేనంతా కమ్ముకుంటే మొలక ఏ మూల బతుకుతుంది? కోపం వచ్చినవాడు చెయ్యని పనీ, అనని మాటా వుండవు గనక మంచివాళ్ళు కలహాన్ని మెచ్చరని చరకసంహితే హెచ్చరించింది.

వెక్కిరింతకి వెక్కిరింత జవాబు కాదు. నాకు బాగా నచ్చిన జవాబు న్యాయసూత్రాల్లోని 22 నిగ్రహస్థానాలు. ఇవి ఓటమి గుర్తులు. చెప్పిందే చెప్పడం ఒకటి. సంబంధం లేని సంగతి ఎత్తుకోవడం ఒకటి. ఇరుకున పడగానే పనుందంటూ లేచిపోవడం ఒకటి. తనమీది నింద తుడుచుకోకుండా, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా అని ఎదురుతిరగడం ఒకటి. దాని పేరు మతానుజ్ఞ. సభకి అర్థమైన మాటని మూడుసార్లు చెప్పినా తిరిగి అప్పజెప్పలేకపోవడం ఇంకొకటి. చూశారా, ఓపిక్కి కూడా ఒక లెక్క పెట్టారు!

వీటిల్లో నోరు తిరగని పేరొకటుంది: పర్యనుయోజ్యోపేక్షణం. ఎదటివాడు తప్పుచేసి దొరికినా చూసీచూడనట్టు వదిలెయ్యడం. అదీ ఓటమే! మరి ఆ సంగతి ఎవరు చెప్పాలి? సభవారే చెప్పాలన్నాడు భాష్యం రాసిన వాత్స్యాయనుడు. దొరికినవాడు తన గోచీ తనే విప్పి చూపించుకోడు గదా అని ఆయన చమత్కారం.

డాక్టర్నని చెప్పుకున్న పెద్దమనిషి పోలికలు సూత్రస్థానం 29వ అధ్యాయంలో వున్నాయి. వైద్యుడి వేషం వేసుకు తిరిగేవాళ్ళు, ఎవరికో జబ్బుచేసిందని వింటే చాలు, అక్కడ వాలిపోతారట. తమ గొప్పలు వినపడేటట్టు చెబుతారు. అక్కడ వైద్యం చేస్తున్నవాడి తప్పులు పదేపదే ఎత్తుతారు. చదువుకున్నవాళ్ళు కనిపిస్తే, బాటసారి కారడవిని తప్పుకున్నట్టు తప్పుకుంటారు. వాళ్ళ గురువెవరో, శిష్యుడెవరో, తోటి విద్యార్థెవరో ఒక్కరికీ తెలియదు. కనక అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "ఎవరి దగ్గర చదువుకున్నారండీ?" మర్యాదగానే అడగొచ్చు.

మన తెలుగువాళ్ళు ఇంకో తమాషా చేశారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక పృచ్ఛకుణ్ణే ఏర్పాటు చేశారు. అవధాని పద్యం అల్లుతుంటే అడ్డం రావడమే ఆయన ఉద్యోగం. ఆ సంగతి సభకంతా తెలుసు గనక మోసం లేదు. అవధాని ఓ చురక అంటించి మళ్ళీ పద్యంలోకి వెళ్ళిపోతాడు, సభ చప్పట్లు కొడుతుంది. అక్కడ ఆయన లేకపోతే అసలు రక్తే కట్టదు.

అదే మనిషికి రోగి మంచం పక్కన కుర్చీ వెయ్యకూడదు. మా బంధువులావిడ వెళ్ళిన గోష్ఠిలో ఆ కుర్చీ వేసింది సభవారు. నవ్విందీ సభవారే. తియ్యాల్సిందీ వాళ్ళే.