ఒక ప్యాచ్ ఖరీదు ఎంత? ఫెజ్ కథ

నేను ఉద్యోగం చేసే రోజుల్లో బగ్ దొరికితే రాత్రికల్లా సరిచేసి సర్వర్‌లో పెట్టేసేవాళ్లం. 2012లో కెనడాలోని మాంట్రియల్‌లో పాలిట్రాన్ అనే చిన్న టీమ్‌కి ఆ వెసులుబాటు లేకపోయింది.

డిజైనర్ ఫిల్ ఫిష్. దాదాపు ఐదేళ్లు తంటాలుపడి చేసిన 'ఫెజ్' గేమ్ ఆ ఏప్రిల్‌లో ఎక్స్‌బాక్స్ 360లో వచ్చింది. జూన్‌లో ప్యాచ్ వదిలారు. చాలా బగ్స్ పోయాయి, కానీ కొందరికి సేవ్ ఫైలే పాడైంది. అంటే ఆడిందంతా గంగపాలు! వెంటనే వెనక్కి తీసుకున్నారు.

ఇంకోటి చేసి పంపొచ్చుగా అంటారా? కన్సోల్‌లో అలా కుదరదు. అప్‌డేట్ కూడా మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్ దాటాలి. మళ్లీ దాటాలంటే ఫీజు పదులకొద్దీ వేల డాలర్లని పాలిట్రాన్ చెప్పింది. నాకు మండేది ఎక్కడంటే, సేవ్‌లు పాడుచేసిన ప్యాచ్ కూడా ఆ పరీక్ష పాసైందే కదా!

అయితే ఈ గేటు ఊరికే పుట్టలేదు. 1983లో అమెరికాలో నాసిరకం గేమ్స్ కుప్పలుగా వచ్చిపడి మార్కెట్ కూలింది. ఆ తర్వాత నింటెండో తన ఎన్‌ఈఎస్‌లో తాళం చిప్ పెట్టి, అనుమతి ఉన్న గేమ్సే ఆడేలా చేసింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు.

జూలైలో పాలిట్రాన్ లెక్క వేసుకుంది. దెబ్బతినేది ఒక శాతంలోపు ఆటగాళ్లేనని, అదే ప్యాచ్ మళ్లీ పెట్టేసింది. ఆ ఒక్క శాతంలో మీరుంటే? తిట్టుకుంటారు, తప్పులేదు. స్టీమ్‌లో అయితే పైసా ఖర్చు లేకుండా ఎప్పుడో సరిచేసేవాళ్లమని ఫిష్ వాపోయాడు. కానీ ఎక్స్‌బాక్స్‌కే ఇస్తామని సంతకం పెట్టింది వాళ్లేగా.

2013 మేలో ఫెజ్ స్టీమ్‌కి వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఫీజు ఎత్తేసింది.