'తేరే మేరే బీచ్ మే' యుగళగీతం: తెలుగు మూలం, విరూర్ నేపథ్యం

1981లో విడుదలైన 'ఏక్ దూజే కే లియే' చిత్రంలోని 'తేరే మేరే బీచ్ మే' పాట ప్రస్తావన వచ్చినప్పుడల్లా హిందీ చలనచిత్ర సంగీత చరిత్రలు దానిని లక్ష్మీకాంత్–ప్యారేలాల్ బాణీగా, ఆనంద్ బక్షీ రచనగా, లతా మంగేష్కర్ గానంగా కీర్తించి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని దక్షిణాది నుంచి వచ్చిన అతిథిగా పేర్కొని ఊరుకుంటాయి. బాణీ కట్టిన చోటే పాటకు పుట్టినిల్లని తీర్మానించే ఈ ధోరణిని బొంబాయి కేంద్రవాదం అనవచ్చు. ఈ వాదం పాట పుట్టుకలో సగాన్ని విస్మరించిందనీ, ఆ సగం తెలుగు నేల మీద ఉందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో, కాజీపేట–బల్లార్షా రైలుమార్గం మీద ఉన్న విరూర్ ఈ పరిశీలనకు అనువైన స్థానం. 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన వరకు రాజురా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఆ తరువాత బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రైల్లోనూ బజారులోనూ హిందీ, పక్క గూడెంలో గోండీ వినిపించే ఈ సీమలో ఎదుటివారి మాట సగం అర్థమవుతూ సగం అర్థంకాకుండా ఉండటం నిత్యానుభవం గనుక, భాష తెలియని ఇద్దరి ప్రేమను పాడిన గీతానికి ఇంతకు మించిన శ్రోతృసమాజం, అంటే పాటను తన బతుకుతో పోల్చుకొని వినే జనసమూహం, మరొకటి ఉండదు.

హిందీ చిత్రానికి మూలం కె. బాలచందర్ 1978లో తెలుగులో తీసిన 'మరోచరిత్ర'. విశాఖ సముద్రతీరంలో తమిళ యువకుడు, తెలుగు యువతి ప్రేమించుకున్న ఆ కథనే గోవాకు తరలించి, కథానాయికను హిందీ పిల్లగా మార్చి అదే దర్శకుడు తీయగా, నిర్మించినవారు ఏలూరు ప్రాంతం నుంచి వెళ్ళిన ఎల్.వి. ప్రసాద్. సినిమా పేర్లను గుదిగుచ్చి లిఫ్టులో పాడే తెలుగు పాట స్థానంలో హిందీ సినిమా పేర్లతో 'మేరే జీవన్ సాథీ' అదే లిఫ్టు సన్నివేశంలో నిలిచిందంటే, పాటల సందర్భాలు కథతోపాటే తరలివెళ్ళాయని స్పష్టమవుతోంది.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 'మరోచరిత్ర' కోసం ఆత్రేయ రాసిన 'ఏ తీగ పూవునో'. ఎం.ఎస్. విశ్వనాథన్ స్వరపరచిన ఆ గీతంలో పి. సుశీల తెలుగులో పాడుతుంటే కథానాయకుడు కమల్ హాసన్ మధ్యమధ్య తమిళంలో ఆ మాటకు అర్థమేమిటని అడుగుతాడు. తమ ఇద్దరినీ ముడివేసిన అనుబంధం ఏమిటో తెలియదన్న విస్మయమే అక్కడ పల్లవి. బక్షీ పల్లవి కూడా సరిగ్గా ఆ విస్మయాన్నే పలుకుతుంది. ఆత్రేయ తీగనూ పూవునూ తుమ్మెదనూ తెచ్చిన చోట బక్షీ చరణంలో పచ్చి నూలుపోగు వచ్చి, ఒకరు లాగితే రెండోవారు పరుగెత్తుకొస్తారు. ప్రతీక మారింది కాని భావబీజం మారలేదు. ఈ సామ్యం యాదృచ్ఛికమని బొంబాయి కేంద్రవాదులు అనదలిస్తే, రెండు పాటలూ ఒకే దర్శకుడి ఒకే కథలో పుట్టాయన్న వాస్తవానికి ముందుగా సమాధానం చెప్పాలి.

గాత్రం విషయం మరింత ముఖ్యమైనది. బాలు ఉచ్చారణ హిందీకి నప్పదేమోనని సంగీత దర్శకులు మొదట సందేహించగా, హిందీ రాని నాయకుడికి ఆ దక్షిణాది యాసే తగినదని బాలచందర్ పట్టుబట్టిన సంగతి ప్రసిద్ధం. లోపమని శంకించిన ఆ యాసే పాటకు ప్రాణమై, ఈ చిత్రగానానికి బాలుకు జాతీయ పురస్కారాన్ని తెచ్చిపెట్టింది. పరాయి భాషను ప్రేమతో పలికే ఆ కంఠంలో విరూర్ బజారులో హిందీ మాట్లాడే తెలుగువాడి కంఠమే ఉంది.

బాణీ, వాద్యరచన లక్ష్మీకాంత్–ప్యారేలాల్ స్వంతమనీ, 2003లో బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' గీతం ఎత్తుకున్నది వారి తీగవాద్యాల ఖండికనేననీ అంగీకరించవలసిందే. అయితే బాణీ పాటలో ఒక భాగం మాత్రమే. సందర్భం, భావం, కంఠం మూడూ తెలుగు దారిలో వచ్చినవి. కనుక ఈ గీత చరిత్ర 1981 బొంబాయితో గాక 1978 విశాఖతో మొదలు కావాలి. అంతేకాదు, భారతీయ సినిమాలో రెండు భాషల నడుమ నడిచిన ప్రతి ప్రేమ యుగళగీతాన్నీ ఇకపై రాజధానుల స్టూడియోల నుంచి గాక విరూర్ వంటి సరిహద్దు ఊళ్ళ నుంచి వినడమే సరైన పరిశోధనా పద్ధతి.