గోడమీది అరకంబాలు, వాటి నడుమ రామకథ

పాత రాతిగుళ్ళ గోడలు బయటినుంచి చూస్తే, గోడకే అతుక్కుని కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి కంబాలు కనిపిస్తాయి. తెలుగు పుస్తకాల్లో వాటిని కుడ్యస్తంభాలు అంటారు. మేమంతా కన్నడ బడుల్లో చదివినవాళ్ళం కాబట్టి మా నోటికి ముందు వచ్చే మాట ‘అరెగంబ’, అంటే అరకంబం.

అసలు కంబానికి ఉన్నట్టే దీనికీ కింద పీఠం, పైన దూలం మోస్తున్నట్టుండే తల ఉంటాయి. కానీ బరువు మోసేది గోడే. కొయ్య కట్టడాల రూపాన్ని శిల్పులు రాతిలోకి తెచ్చారని పండితులు చెప్తారు. అయితే పని లేనిదాన్ని అన్ని వందల ఏళ్ళు ఎందుకు చెక్కుతూ వచ్చారు? జవాబు కంబంలో లేదు, రెండు కంబాల నడుమ జాగాలో ఉంది.

పట్టదకల్లులో విరూపాక్షాలయం చూడండి. 8వ శతాబ్దంలో చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడి రాణి లోకమహాదేవి కట్టించింది. అక్కడ కంబాల నడుమ ఒకచోట దేవుడి గూడు, ఇంకోచోట వెలుతురు కోసం రాతి జాలీ కిటికీ. తుంగభద్ర ఒడ్డున తెలంగాణలోని అలంపురం గుళ్ళు కూడా ఆ చాళుక్యుల కాలానివే.

అదే నదికి ఎగువన హంపి. 15వ శతాబ్దం మొదట్లో, మొదటి దేవరాయల కాలంలో లేచిన హజార రామాలయంలో ఈ జాగాకు ఇంకో పని దొరికింది. ప్రాకారం బయటి గోడమీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు బారులు తీరి ఆగకుండా సాగుతారు. ఊరేగింపుకు అడ్డుగీత ఎందుకు? లోపల గుడి గోడమీద మాత్రం రామాయణం ఉంది. కథకు ఎక్కడ ఆగాలో, ఎక్కడ మొదలెట్టాలో తెలియాలి కదా. అందుకే కంబాల నడుమ ఒక్కో ఘట్టాన్ని చెక్కారు. దశరథుడికి పాయసం అందడం ఒకచోట, రాముడు ఏడు సాలవృక్షాలను ఒకే బాణంతో కొట్టడం మరోచోట. కంబం పుస్తకంలో పుట అంచులాగా పనిచేస్తుంది.

ఈ బొమ్మలు మూడు వరుసల్లో ఉన్నాయి. ప్రదక్షిణంగా ఒక వరుస చూస్తూ ఒక చుట్టు, అలా మూడు చుట్లు తిరిగితేనే కథ పూర్తవుతుంది. ఇప్పుడు చాలామంది బాగున్న బొమ్మ ఒకటి ఫోన్‌లో తీసుకుని వెళ్ళిపోతారు. అప్పుడు శిల్పం మిగులుతుంది, కథ పోతుంది.

మనలాంటి ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు. మా పెద్దవాళ్ళకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. పిల్లలకు కన్నడ అక్షరం వచ్చు, తెలుగు కథ రాదు. ఆ గోడ ముందు అక్షరం అక్కర్లేదు. హంపికి వెళ్తే అవ్వనో తాతనో వెంట తీసుకెళ్ళండి. మూడు చుట్లూ తిరగండి. ఒక్కో కంబం దగ్గర ఆగి, తర్వాత ఏమైందో వాళ్ళనే తెలుగులో చెప్పమనండి.